పసుపు పట్టిన గాలం కర్ర

చంద్రయ్యకు చేప పడదు. వాసన తగిలితేనే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుంటాడు. అటువంటివాడు దాదాపు ముప్పై ఏళ్లుగా పాత గాలం కర్రలు పోగుచేసి బాగుచేస్తున్నాడంటే బోధన్‌లో నవ్వనివాళ్లు లేరు. "చేపలు నీకు దండం పెడతయి చంద్రన్నా" అని రాకాసిపేట చాయ్ హోటల్లో ఎకసెక్కాలాడేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, ఎందుకు చేస్తున్నాడో ఆయనకూ తెలిస్తే కదా చెప్పడానికి.

చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఆయన వడ్రంగి. ఎనభై నాలుగు ఎండాకాలంలో ఆఫీసర్ల క్లబ్బు సామాన్ల గది ఖాళీ చేస్తుంటే, వాచ్‌మన్ భోజన్న ఆయన్ను పిలిచి ఒక గుడ్డసంచి చేతిలో పెట్టాడు. లోపల మూడు ముక్కల కర్ర.

"ఎన్కట ఇంజినీరు దొరలు మంజీర కాడికి పట్కపోయేటోళ్లు. పొయ్యిల పెట్టుమన్నరు. నాకు మనసొప్పలే. నువ్వు కట్టె పనోనివి, తీస్కపో."

వెదురంటే బుట్టలకూ నిచ్చెనలకూ తప్ప ఎందుకని అనుకునే చంద్రయ్య, ఆ కర్రను వెలుతురులో తిప్పి చూసి నోరు తెరిచాడు. అది ఒక్క వెదురు కాదు. సన్నటి ఆరు బద్దలను మూడంచులుగా చిత్రిక పట్టి, ఒకదానికొకటి ఆనించి జిగురుతో అతికించారు. గోరు పెట్టి గీకినా అతుకు దొరకలేదు. అక్కడక్కడా చుట్టిన పట్టుదారం రంగు వెలిసింది. నడిమి ముక్క మాత్రం చీలిపోయి ఉంది. దాన్ని మళ్లీ నిలబెట్టాలన్న పురుగు ఆ రోజే బుర్రలో దూరింది.

ఆ తర్వాత ఎక్కడ ఏ కర్ర కనిపించినా ఇంటికి తెచ్చేవాడు. నిజామాబాద్‌లో ఒక ఇంటి పెరట్లో సొరతీగకు ఆసరాగా ఒకటి దొరికింది. ఇంకొకటి ఎవరింట్లోనో బూజుకర్రగా బతుకుతోంది. దానికి బదులు కొత్త బూజుకర్ర చేసిచ్చి తెచ్చుకున్నాడు. అన్నీ బాగయ్యాయి. భోజన్న ఇచ్చిన మొదటిదే మొండికేసింది. దాని నడిమి ముక్కకు సరిపడే గట్టి వెదురు దొరక్క, ఏళ్లు గడిచిపోయాయి.

ఆయన భార్య ముత్తవ్వ బీడీలు చేస్తుంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతుంటే ఆ వేళ్ల కదలిక కంటికి అందదు. పెళ్లయిన కొత్తలో కాదు గానీ, పిల్లలు కాస్త ఎదిగాక ఒకరోజు ఆమె పని పక్కకు పెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన పట్టుదారం చుట్టలేక తంటాలు పడుతున్నాడు.

"ఇటు తే, నేను చుడత."

"తంబాకు చేతులు పెట్టకు," అన్నాడు చంద్రయ్య తలెత్తకుండానే. "వాసన పోదు."

ముత్తవ్వ లేచి వెళ్లి తన చాట ముందు కూర్చుంది. ఆ తర్వాత ఎన్నడూ ఆ కర్రలు ముట్టలేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా వాటి చుట్టూ ఊడ్చేది. ఆ తంబాకు చేతులు వండిన కూడు మాత్రం మహానుభావుడు మూడు పూటలా తిన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. తప్పు మాట అన్నానని ఆయనకు ఆ రాత్రే తెలిసింది. ఆ మాట పైకి చెప్పడానికే నోరు రాలేదు, అంతే.

రెండువేల పదిహేను చివర్లో ఫ్యాక్టరీ ఆగింది. గేటుకు తాళం పడింది. ముప్పై ఏళ్లు చేతిలో ఆడిన చిత్రికలూ ఉలులూ వర్క్‌షాపులోనే ఉండిపోయాయి, అవి ఫ్యాక్టరీ సొత్తు. చంద్రయ్యకు అలసట అప్పుడు తెలిసింది. పని చేసిన రోజుల్లో రాని అలసట, పని లేని రోజుల్లో ఒంట్లోకి దిగింది. పొద్దున లేవడమే ఒక పనైంది. ఒక కంట్లో పొర కమ్ముతోంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. సిరికొండ అడవి పక్కన ఉండే చుట్టం ఒకాయన గట్టి వెదురు తెచ్చిచ్చింది అప్పుడే. వేళకు రానిది ఏదీ లేదంటారు గానీ, ఇది మాత్రం వేళ దాటాకే వచ్చింది.

అయినా కూర్చున్నాడు. కళ్లు పూర్తిగా పోకముందు ఈ ఒక్క కర్ర నిలబడితే చాలనుకున్నాడు. అడిగి తెచ్చుకున్న చిన్న చిత్రికతో బద్దలు తీశాడు. తోళ్లు ఉడికించి చేసే సరేసు జిగురు కరిగించి, ఎట్లాగో నడిమి ముక్క అతికించాడు. పాత ముక్కల మీది వార్నిష్ కూడా గీకేశాడు. ఇక దారం చుట్టి, కొత్త వార్నిష్ పూస్తే అయిపోతుంది. దసరా వచ్చింది, పండుగ పోనీ అనుకున్నాడు.

దసరా పొద్దున కార్మికులంతా ఫ్యాక్టరీ దగ్గరికి పోయారు. ప్రతి ఏడూ లోపల మిషన్ల ముందు కొట్టే కొబ్బరికాయ ఈసారి తాళం వేసిన గేటు ముందు కొట్టారు. చంద్రయ్య చేతిలో కొబ్బరి ముక్కతో ఇంటికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది.

వాకిట్లో పీట మీద ముత్తవ్వ ఆయుధపూజ చేసి పెట్టింది. ఆమె కత్తెర, చాట. వాటి పక్కన మూడు ముక్కల గాలం కర్ర. నిలువునా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు ఉంచింది.

"నీ సామానంత తాళంల పడె," అంది ముత్తవ్వ ఆయన వైపు చూడకుండా. "నా కత్తెర ఒక్కటే పెడితే మంచిగనిపియ్యలే. ఇంటి మొగోని పనిముట్టు ఏదన్న ఉండాలె గద. జిగట పట్టి ఉంటే ఉడుకునీళ్లల్ల నానబెట్టి కడిగిన."

సరేసును కరిగించేదే ఉడుకునీళ్లు. చంద్రయ్య వంగి నడిమి ముక్క ఎత్తాడు. బద్దలు విచ్చుకుని రెండు చేతిలో నిలిచాయి, నాలుగు పీట మీద పడ్డాయి. పాత ముక్కల అతుకులు మాత్రం కదల్లేదు. కోపం వచ్చింది. వచ్చినంత వేగంగానే సిగ్గు వచ్చింది. ఇన్నేళ్లూ ముట్టని మనిషి, పని పోయిన మొగుడికి ఇంకా ఒక పనిముట్టు ఉందని చూపించడానికి ముట్టింది. ఆమెను ఏమనగలడు?

"ఇచ్చుకపోయినయేంది?" అంది ముత్తవ్వ.

"ఏం గాలే. మల్ల అతికిస్త. అన్నం పెట్టు."

పండుగ పోయాక బద్దలు నీడలో ఆరబెట్టి పనికి కూర్చున్నాడు. సరేసు వేడిగా ఉండగానే ఆరు బద్దలనూ కలిపి, ఈ కొస నుంచి ఆ కొస దాకా దారంతో బిగించాలి. చల్లారితే పట్టదు. సగం చుట్టేసరికే చల్లారింది, బద్దలు వంకర తిరిగాయి. నీళ్లలో వేసి విడదీసి మళ్లీ చుట్టాడు. మళ్లీ అంతే. మొదటిసారి చేసినప్పుడున్న చేతులు కూడా ఇప్పుడు లేవు. మూడోసారికి వేళ్లు కొంకర్లు పోయాయి. బద్దలన్నీ దగ్గరకు తీసి, తీసుకుపోయి ముత్తవ్వ ముందు పెట్టాడు.

"పొయ్యిల పెట్టు."

ముత్తవ్వ బీడీ చుట్టడం ఆపింది. ఆ బద్దల వైపు, ఆయన ముఖం వైపు చూసింది. "నేను కడిగినందుకే గిట్లయింది, గాదా?"

ఆయన అబద్ధం ఆడలేదు. "సరేసుకు ఉడుకునీళ్లు పడయి. నీకెట్ల ఎర్కుంటది, నేనెన్నడన్న చెప్పిననా?"

"మరి మల్ల చెయ్యి."

"నా చేతులు అందుకుంటలెవ్వు."

అక్కడే చతికిలబడ్డాడు. ఆమె పొయ్యి వైపు కదలలేదు. బద్దలను మోకాలి మీద పెట్టుకుని, అంచులు తడిమి, ఏది దేని పక్కన పొసగుతుందో చూస్తూ కూర్చుంది. చంద్రయ్య లేచి సరేసు గిన్నె మళ్లీ వేడి చేసి తెచ్చాడు. బద్దలకు జిగురు పూసి, ఆరింటినీ కలిపి రెండు చేతులా పట్టుకుని ఆమె ముందుకు చాపాడు.

"ముత్తవ్వా, నువ్వు చుట్టు."

ముత్తవ్వ తన వేళ్లు చూసుకుంది. తంబాకు పొడితో పచ్చబడి ఉన్నాయి. ఆమె మరిచిపోలేదు, ఒక్క అక్షరం కూడా.

"వాసన పోదన్నవు గద."

ఆమె లేచి సబ్బు కోసం బావి వైపు నడవబోయింది.

"కడుక్కోకు," అన్నాడు చంద్రయ్య. "కూసో. జిగురు సల్లారుతది."

ముత్తవ్వ వెనక్కి వచ్చి కూర్చుంది. చాటలోంచి బీడీల దారం తీసి, కొస పంటితో కొరికి, చుట్టడం మొదలుపెట్టింది.