మా తమ్ముడు పుట్టించిన జంతువు

ఎమర్జెన్సీ ఎత్తేశాక ఒరిస్సాలోని మా బరంపురంలో జరిగిన మొదటి ఠాకురాణి యాత్ర, అంటే మా అమ్మవారి జాతర, అది. మామూలు రోజుల్లో గేట్ బజార్‌లో దుకాణాలకు బోర్డులు రాసే నేను, యాత్ర వచ్చిందంటే మనుషుల ఒంటిమీద పులులను రాసేవాణ్ణి. పులివేషానికి ముందు ఒళ్లంతా పసుపు రంగు పట్టించాలి. దాన్ని మేము బేస్ కోట్ అంటాం. అది ఆరేదాకా మనిషి కూర్చోకూడదు, రెండు కర్రల మీద చేతులు చాపి నిలబడాలి. ఆ తరవాతే చారలు. చారల్లో నాకు పోటీ లేదని ఊళ్లో పేరు. తమ్ముడు జగ్గారావు నా దగ్గరే కుంచె పట్టడం నేర్చుకుని, పెళ్లయ్యాక వేరే కొట్టు పెట్టుకున్నాడు.

మా ఇద్దరికీ కావలసిన ఆటగాడు సూరి. హోల్‌సేల్ కొట్లలో బియ్యం బస్తాలు మోసేవాడు. పులివేషంలో అతను ఆడుతుంటే జనం ఊపిరి బిగబట్టేవారు. ఆ ఏడు మా అన్నదమ్ములిద్దర్నీ కూర్చోబెట్టి, "పులి ఆడీ ఆడీ ఇసుగొచ్చేసింది గురువుగారూ. ఇంకో గ్రహం మీద ఏటాడి తినే జంతువు కావాల నాకు. భూమ్మీద ఎవులూ సూసుండకూడదు. మీలో ఎవులు బాగా సెప్తే ఆళ్ల సేతికే నా ఒళ్లిస్తాను" అన్నాడు.

పెద్దవాణ్ణి కాబట్టి నేను ముందు చెప్పాను. నాలుగు కళ్లు, మూడు కొమ్ములు, గడ్డం దాటిన కోరలు, నిప్పులు కక్కే నోరు.

సూరి తల గోక్కున్నాడు. "కొమ్ములెందుకండీ? పట్టి తినేదానికి పంజా సాలదేటి?"

"భయంగా ఉంటాది కదా" అన్నాను.

జగ్గారావు నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ఆ గ్రహం మీద ఎలుతురు లేదు. అంచేత దీనికి కళ్లు లేవు. అరికాళ్లతో ఇంటాది. దూరంగా ఏది అడుగేసినా నేల అదురు దీని కాలికి తెలిసిపోతాది. ఎంటపడి పరిగెట్టదు. పరిగెడితే దాని అడుగుల సప్పుడే దానికి అడ్డం. నేలకి అంటుకుని పడుంటాది. తిండి దగ్గరకొచ్చినాక ఒక్క దూకు."

"అరుస్తాదా?" అన్నాడు సూరి.

"ఎందుకరుస్తాది? అరిస్తే తిండి పారిపోదేటి? కడుపు నిండితే మళ్లీ ఆకలేసిందాకా రాయిలాగుంటాది. దాని పక్క నుంచి నడిచెల్లిపోయినా ఏటీ సెయ్యదు. ఆకలిగుందో, నిండుగుందో ఎవులికీ తెల్దు. అదే భయం."

సూరి అప్పటికే చెప్పులు విప్పి, అరికాళ్లు నేలకు ఆనించి చూసుకుంటున్నాడు.

తన ఒళ్లు జగ్గారావు చేతికే ఇచ్చాడు. వీడికి కుంచె ఎలా పట్టుకోవాలో వేళ్లు సర్ది నేర్పింది నేను. ఆ మాటలు వాడికి తట్టి నాకెందుకు తట్టలేదు? ఇంటికి వెళ్లి, పప్పులో ఉప్పు లేదని మా ఆవిడ మీద అరిచాను. "సరిగ్గానే ఉంది కదేటి" అంది. నిజంగానే సరిగ్గా ఉంది.

యాత్ర దగ్గరపడ్డాక జగ్గారావు నా కొట్టుకు వచ్చాడు. ఒంటికి బూడిదరంగు కుదిరింది గానీ కళ్లు కుదరలేదట. రెప్పల మీద రంగు పూస్తే, సూరి కళ్లు తెరవగానే తెల్లగుడ్లు బయటపడుతున్నాయి. గుడ్డ కడితే దారి కనిపించక అడుగు వేయలేకపోతున్నాడు.

"అన్నా, నువ్వే ఏదో ఒకటి సెప్పాల."

"నీ జంతువు, నువ్వే సూసుకో" అన్నాను.

వాడు కదల్లేదు. వీడు ఓడిపోతే బాగుండునని ఒక పక్క, ఇంకెవడి దగ్గరికో వెళ్లి గెలిచేస్తాడేమోనని ఇంకో పక్క. చివరికి నేనే లేచి పాత దోమతెర ముక్క చింపాను. కన్నాలు పూడిపోకుండా పలచగా బూడిదరంగు అద్ది, సూరిని పిలిపించి, అతని నుదుటి నుంచి ముక్కు మీదికి బిగించి అంటించాను. అంచులు కనబడకుండా చుట్టూ ఉన్న రంగులో కలిపేశాను. ఆ కలపడాన్ని మేము బ్లెండింగ్ అంటాం. లోపలి నుంచి సూరికి దారి కనిపిస్తోంది. బయటి నుంచి చూస్తే కళ్లుండాల్సిన చోట ఒట్టి చర్మం.

వేషాలు తిరిగే రోజు మధ్యాహ్నం, బజారు మధ్యలో డప్పులు ఆపించాడు జగ్గారావు. సూరి నేలకు అంటుకుని పడుకున్నాడు. "దీనికి కళ్లు లేవు. అడుగేసినోళ్లనే పట్టుకుంటాది" అని జగ్గారావు ఒరియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. జనం నవ్వారు. ఎవరో చెప్పు ఈడ్చిన చప్పుడైంది. సూరి తల చటుక్కున అటు తిరిగింది. అంతే, నవ్వులు ఆగిపోయాయి. అంత బజారులో ఒక్క కాలు కదల్లేదు. దోమతెర అంటించిన నాకూ కాలు కదల్లేదు.

ఆట అయ్యాక జనం జగ్గారావును భుజాల మీదికి ఎత్తుకున్నారు. "కళ్లు మాయం సేసింది మా అన్నే" అని వాడు పైనుంచి అరుస్తూనే ఉన్నాడు. డప్పుల హోరులో ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది, అది మరీ ఒళ్లు మండించింది.

తరవాత సూరి ఒంటిమీది రంగు కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ, "ఎలాగుందన్నా?" అని అడిగాడు తమ్ముడు. ఇంకా తుడవని చోట్లన్నీ చూశాను. ఒక్క తప్పు దొరికితే చాలుననుకున్నాను. దొరకలేదు.

"బాగుంది" అన్నాను. వాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. నా నోట ఆ మాట వినడం వాడికి అదే మొదటిసారి.

అప్పటి నుంచి ఎవరు ఏ వేషం అడిగినా, ఆ ప్రాణి ఎక్కడ బతుకుతుంది, తిండి ఎలా సంపాదించుకుంటుంది అని ముందు ఆలోచించి, తరవాతే రంగు కలుపుతున్నాను. తమ్ముడి మీద ఈర్ష్య మాత్రం పోలేదు. ఎవరి పని చూస్తే కడుపు మండుతుందో, వాళ్ల పనినే దగ్గర నిలబడి చూడాలని నాకు తెలిసివచ్చింది. ఇప్పటికీ యాత్ర వస్తోందంటే నేను మొదట తొంగిచూసేది వాడి కొట్లోకే.