ఏ దేశంలో అయితే బతికేది

భార్య పోయిన తర్వాత నేను రకరకాల దేశాల ఆరోగ్య బీమా పద్ధతుల గురించి చదవడం మొదలుపెట్టాను. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి అది ఎవరికీ వింతగా అనిపించలేదు. పుస్తకాల్లో తలసరి ఖర్చులుంటాయి. నేను ఒక్క మనిషినే పెట్టి చూసేవాణ్ని. ఆమె గుండె కవాటం పాడైంది, మార్చాలి. ఈ దేశంలో అయితే బతికేదా?

బ్రిటన్‌లో పన్నుల డబ్బుతో చేస్తారు. ఆసుపత్రిలో బిల్లు ఉండదు కానీ వంతు కోసం ఆగాలి. ఆమె బస్సు ఎక్కేటప్పుడు కూడా వెనకవాళ్లను ముందుకు పంపే మనిషి. అక్కడ ఏమయ్యేదో చెప్పలేను. జర్మనీలో ఉద్యోగితో పాటు యజమాని కూడా బీమాకు కడతాడు, ఉద్యోగం లేని భార్య అదే బీమాలోకి వస్తుంది. మా కాలేజీ యాజమాన్యం గుర్తొచ్చి ఆ పేజీ తిప్పేశాను. జపాన్‌లో రోగి కొంత భాగం కట్టాలి, అయితే నెలకు ఇంతకు మించి కట్టనక్కర్లేదని హద్దు ఉంది. ఆ హద్దు మీద నాకు చాలా అసూయ. అమెరికా మీద మాత్రం లేదు. అంత ఖర్చు పెట్టే దేశంలోనూ మాలాంటివాళ్లు బయటే మిగిలిపోతారని చదివి, సిగ్గులేకుండా ఊరట పడ్డాను.

అన్నిటికంటే కష్టం థాయిలాండ్. మనలాగే వరి పండించి అన్నం తినేవాళ్లు. ధనిక దేశాల జాబితాలోకి రారు. అయినా ఉద్యోగపు బీమా లేనివాళ్లకు కూడా అక్కడ వైద్యం దాదాపు ఉచితం. దూరపువాళ్లను చూసి కుళ్లుకుంటే పెద్ద బాధ ఉండదు. దగ్గరైనకొద్దీ ఓర్వలేము.

అందరికంటే దగ్గర, మా గోడ పక్కన పరుపులు కుట్టే భాయ్. అతని భార్య నా భార్యను అక్కా అని పిలిచేది. ఈ వానాకాలం ఆమెకూ గుండె కవాటం మార్చాలన్నారు. వాళ్లకు రేషన్ కార్డుంది, దాంతో సర్కారు వైద్యం కార్డూ ఉంది. మాకు లేదు. అప్పట్లో నా జీతం ఆ కార్డుకు పెట్టిన ఆదాయ పరిమితికి కొంచెం పైన. మేము సొంతంగా కొన్న బీమావాళ్లు ఇది పాత జబ్బు, గడువు దాటాక రండి అన్నారు. డబ్బు సమకూడేసరికి నా భార్య లేదు.

ఒక సాయంత్రం భాయ్ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. తల నిండా దూది.

"సార్, జర చెప్పుండ్రి. కార్డు మీద చేయించాల్నా, పైసలు పెట్టి చేయించాల్నా?"

"కార్డు ఉండంగ పైసలెందుకు భాయ్?"

"ఫ్రీ కద సార్. నా బామ్మర్ది పెండ్లికి పరుపు ఫ్రీగ ఇచ్చిన. అండ్ల ఏం నింపిన్నో నాకెరుక. పాత దూదే మళ్ల ఏకి నింపిన. ఫ్రీ వాల్వు సుత గట్లనే ఉండదా? ధర్మసాగర్ కాడ జాగ ఉన్నది. బేరం వచ్చింది. రేపు బయానా ఇస్తరట. రిజిస్ట్రేషన్ అయినంక చేయిస్త."

"డాక్టర్లు ఆగొద్దన్నరు కద?"

"అన్నరు. గందుకే ఫికర్."

నా మొహం వైపే చూస్తున్నాడు. నీ ఇష్టం భాయ్ అంటే చాలు. జాగ అమ్ముకునేదాకా ఆగుతాడు, అతనికీ ఆలస్యమవుతుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అనాలనే ఉంది.

"ఫ్రీ కాదు భాయ్," అన్నాను చివరికి. "నువ్వు కొన్న దారానికి, గుడ్డకు పన్ను కట్టలేదా? గా పైసలే సర్కారు దవాఖానకు ఇస్తది. నీ బామ్మర్ది నీకేమన్న ఇచ్చిండా?"

"వాడా! చాయ్ సుత తాపలే."

"మరి?"

నవ్వాడు. తలమీది దూది దులుపుకున్నాడు. "అయితే పన్ను మీరు సుత కట్టిన్రు కద సార్. మరి అక్కకు..."

"రేపు బయానా తీసుకోకు," అన్నాను. "డాక్టరు దగ్గరికి నేనొస్త."

వెళ్లాం. డబ్బు కట్టినా, కార్డు మీదైనా ఆపరేషన్ చేసేది తనేనని, వాల్వూ అదేనని డాక్టరు చెప్పాడు. భాయ్ అదే ప్రశ్న ఇంకోసారి అడిగి, అప్పుడు కార్డు ఇచ్చాడు.

ఆపరేషన్ అయి భాయ్ భార్య ఇంటికొచ్చిన రోజు బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. కొత్త పరుపు మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. గొంతు నీరసంగా ఉన్నా మాట గట్టిగానే ఉంది.

"సూడుండ్రి అన్నా, నడుమ గుంత పడ్డది. మా తమ్మునికి కుట్టినట్టే నాకూ కుట్టిండు."

"పైసలిచ్చినవా నువ్వు?" అన్నాడు భాయ్.

"ఆగు, లేవనియ్యి, ఇస్త!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆమె బతికినందుకు సంతోషమే, అది నిజం. కానీ ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే ఏ దేశమూ తలకెక్కలేదు. గోడవతల ఆమె అతన్ని ఇంకా తిడుతూనే ఉంది, మందు వేళకు ఇవ్వలేదని. అతను ఏదో గొణుగుతున్నాడు.

కిటికీ మూశాను. ఉక్కపోసినా ఆ రోజు తెరవలేదు.