టీచరుగారు అన్నం తినే అరగంట

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. పొయ్యి ఆర్పేశాను, సెగ తగలదు. మూడేళ్ళ కిందటి కార్తీకమాసంలో మా బడిలో జరిగిన సంగతి చెబుతాను.

మా ఊరు కైకలూరు దాటాక చేపల చెరువుల మధ్య ఉంటుంది. అక్కడి సర్కారు బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది నేనే. నేను చదివింది మూడో తరగతి. కానీ ఏ పిల్లకి వంకాయ పడదో, ఏ పిల్లాడు పచ్చసొన వదిలేస్తాడో ఇప్పటికీ పేరుపేరునా చెప్పగలను.

బడికి ముగ్గురే పంతుళ్ళు. హెడ్మాస్టారు, కొత్తగా వచ్చిన ఒక కుర్ర మాస్టారు, శారద టీచరుగారు. శారదగారిది ఏలూరు. బస్సు దిగి ఆటో ఎక్కి వచ్చేవారు. "మీ చెరువులో వంద చేపపిల్లల్ని వదిలితే కొంగలు నలభై తినేశాయిరా. మీ నాన్న ఇంకెన్నింటికి మేత వెయ్యాలి?" అని ఆవిడ లెక్కలు చెబుతుంటే, పిల్లల నవ్వులు వంటగది దాకా వినపడేవి.

పాఠం చెప్పడం ఒక్కటే అయితే ఆవిడ ఎన్నేళ్ళయినా చెప్పేవారు. ఫోన్లో యాపులుండేవి. పిల్లల హాజరు, గుడ్లు, అన్నం, మరుగుదొడ్డి, అన్నింటికీ ఫోటో తీసి అప్‌లోడ్ చెయ్యాలి. అంటే ఫోన్లోంచి పై ఆఫీసుకి పంపాలన్నమాట. ముగ్గురూ పంచుకోవలసిన పని. హెడ్మాస్టారు మాత్రం "మీకైతే చకచకా వచ్చేస్తుందమ్మా" అని అంతా ఆవిడకే అప్పగించేవారు. సిగ్నల్ అందక ఆవిడ ఫోన్ పైకెత్తి చెరువు గట్టు మీద తిరిగేవారు. ఇంటికెళ్ళాక పిల్లల తల్లిదండ్రుల ఫోన్లు. నేనేమైనా తక్కువా? ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే "టీచరుగారూ, గుడ్ల ఫోటో!" అని కేకేసేదాన్ని.

ఆ కార్తీకంలో ఆవిడ పళ్ళెం ముట్టుకోకుండా తిప్పి పంపడం మొదలుపెట్టారు.

"ఉపవాసమా అమ్మా?" అని అడిగాను.

"ఊఁ" అన్నారు.

నేను పొంగిపోయాను. నెలంతా ఉపవాసం చేస్తున్న మహా ఇల్లాలని ఊరంతా చెప్పుకొచ్చాను. కార్తీకం వెళ్ళింది. పోలి పాడ్యమినాడు అరటి దొప్పల్లో దీపాలు వదిలేశాం. ఆవిడ మాత్రం ఇంకా తినరు! ఆవిడ క్లాసులోంచి నవ్వులు వినపడి ఎన్నాళ్ళయిందో అప్పుడు తోచింది నాకు.

ఆ వారంలోనే ఒక పిల్ల ఏదో సందేహం అడిగితే, పుస్తకం బల్లమీద ఠప్పున కొట్టి, వంటగదిలోకి వచ్చి బియ్యం బస్తా మీద కూలబడ్డారు.

"ఆ పిల్ల పేరు గుర్తు రాలేదండీ మంగమ్మగారూ. మూడేళ్ళుగా నా దగ్గరే ఉంది. పేరు రాలేదు!"

"ఏడవండమ్మా, తేలికపడతారు."

"ఏడుపు కూడా రావట్లేదండీ. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండెదడ. డాక్టరుగారు బర్నౌట్ అన్నారు. పని చేసీ చేసీ లోపల ఏమీ మిగలకపోవడం అట."

"మరి ఉపవాసమన్నారు?"

"మీరంత సంబరపడుతుంటే కాదనలేకపోయానండీ."

సంచిలోంచి మడత కాగితం తీశారు. రాజీనామా. సోమవారం ఇచ్చేస్తారట.

బర్నౌట్ అంటే నాకు గ్యాసు బండ గుర్తొచ్చింది. అయిపోయేముందు మంట ఎర్రబడుతుంది, గిన్నెకి మసి పడుతుంది. ఆ మసిని చూసి నేను భక్తి అనుకున్నాను! నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, ఆ కాగితం ఒక్క వారం ఆపండి. రేపట్నుంచి భోజనం గంట కొట్టాక మీ ఫోన్ నా పప్పుడబ్బాలో ఉంటుంది. మళ్ళీ గంట కొట్టేదాకా ఈ గుమ్మం ఎవరు దాటుతారో నేనూ చూస్తాను."

రెండు రోజులు బాగానే గడిచాయి. ఆవిడ నాలుగు ముద్దలు తిన్నారు. మూడోరోజు సరిగ్గా ఆ అరగంటలోనే జీపు వచ్చింది. ఆఫీసరుగారు తనిఖీకి దిగారు. నేను గరిటెతోనే గుమ్మంలో నిలబడ్డాను.

"ఇవాళ ఫోటోలు రాలేదేం? టీచరేరీ?"

"అన్నం తింటున్నారండీ. తమరు కూర్చోండి, మీకూ వడ్డిస్తాను. సాంబారు వేడిగా ఉందండీ."

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసండీ. తమరు ఆఫీసరుగారు. ఆవిడ ఆకలిగా ఉన్న మనిషండీ."

"నీ మీద రిపోర్టు రాస్తాను!"

"రాయండి బాబూ. గంట కొట్టేదాకా మాత్రం దారి ఇవ్వనండి."

వెనక పీట జరిగిన చప్పుడైంది. "లేచారంటే నా మీద ఒట్టే టీచరుగారూ!" అని తల తిప్పకుండానే అరిచాను.

ఆఫీసరుగారు హెడ్మాస్టారి వైపు తిరిగారు. పాపం ఆయన చెమటలు తుడుచుకుని, తన ఫోన్ బయటికి తీశారు. "ఫోటోలు నేను తీస్తానండి. నాకు రాక కాదండి, బద్ధకించి ఆవిడమీద పడేశాను. ఆవిణ్ణి తిననివ్వండి" అన్నారు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నాకు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. హెడ్మాస్టారే చదివి వినిపించారు.

"విధులకి ఆటంకం కలిగించావట మంగమ్మా."

"పిల్లలకి అన్నం పెట్టడం నా విధి. పిల్లలకి చదువు చెప్పే మనిషికి అన్నం పెట్టడమూ నా విధే అని రాయండి మాస్టారూ."

అలాగే రాశారు. సంతకం నేను పెట్టాను. అటునుంచి జవాబు రాలేదు.

యాపుల పని ముగ్గురికీ వంతులైంది. సాయంత్రం ఆరు దాటితే టీచరుకి ఫోన్ చెయ్యొద్దని నేనే ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. శారదగారు రెండు వారాలు సెలవు పెట్టి మందులు వాడి వచ్చారు. రాజీనామా ఇవ్వలేదు. అంతా ఒక్కరోజులో సర్దుకోలేదు. ఇప్పటికీ ఒక్కోరోజు మొహం వాడి ఉంటుంది. అప్పుడు కుర్ర మాస్టారు ఆవిడ క్లాసు కూడా కలిపి చెబుతాడు. ఆవిడ వద్దనరు.

నేను నేర్చుకున్నదేమిటంటే, అలసిపోయిన మనిషికి ఓపిక పట్టమని చెప్పకూడదు. బరువు దించాలి. నోరులేని మంచి మనిషిని చూసి అందరం ఆవిడ నెత్తిన తలో మూటా పెట్టేశాం. దించవలసిందీ మేమే. ఎవరైనా అడ్డొస్తే ఈసారీ గుమ్మంలో నిలబడతాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. పనిచేసి వచ్చిన మీ మనుషులకి కాళ్ళు కడుక్కునేలోపు ఎవరూ పని చెప్పకుండా ఉండాలి. మీ పిల్లలకి చదువు చెప్పే వాళ్ళు కడుపు నిండా తిని, నవ్వుతూ పాఠం చెప్పాలి.