గుడియాత్తం పడుగుల గదిలో కొత్త వెర్షన్

మూడేళ్ళ పాటు నేనూ ఇద్దరు స్నేహితులూ కూర్చుని ఒక ఉచిత వ్యాపార సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చాం. సరుకు ఎంత ఉంది, ఏ పని ఎవరి చేతిలో ఉంది, ఏం కొన్నాం, ఏం అమ్మాం అన్నీ ఒక్కచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా తీసుకుని తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. తిరుపతిలో నా ప్రింటింగ్ ప్రెస్ దాని మీదే నడుస్తోంది. ఈ బ్లాగులో నెలనెలా దాని కబుర్లు రాస్తుంటాను కాబట్టి పాత పాఠకులకు ఈ సోదంతా తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. మా ప్రెస్సు దాటి ఆ తెలుగును ఎవరైనా వాడుతున్నారా అని నాకు లోలోపల పెద్ద దిగులు. అందుకే కిందటి నెల ఒక వ్యాఖ్య చూసి కుర్చీలో నిలవలేకపోయాను. "గుడియాత్తంలో నలభై మగ్గాలు ఇదే సాఫ్ట్‌వేర్ మీద, తెలుగులో నడుస్తున్నాయి" అని వెల్లూరు నుంచి మునిరత్నం అనే ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఇలాంటి చిన్న వ్యాపారాలకు ఈ సాఫ్ట్‌వేర్ పెట్టి, బాగోగులు చూసుకోవడం ఆయన పని. "మీరు చెప్పినట్టే కొత్త వెర్షన్‌కు మారుస్తున్నాం, గురువారం" అని కూడా రాశాడు. ఆ చెప్పింది నేనే. కొత్త వెర్షన్ ఫోన్లో తేలిగ్గా తెరుచుకుంటుందనీ, పని కేటాయింపు పేజీ చాలా సులువైందనీ, ఆలస్యం చేయకుండా మారిపొమ్మనీ ఉత్సాహం పట్టలేక రాసి పారేశాను. నా తెలుగు నలభై మగ్గాల మీద ఆడుతుంటే కళ్ళారా చూడాలనిపించింది. గురువారమే బయలుదేరాను.

తిరుపతిలో పొద్దున్నే రైలెక్కితే చిత్తూరు మీదుగా కాట్పాడికి మూడు గంటల లోపే. టికెట్టు వంద రూపాయలు దాటదు. కాట్పాడి నుంచి వెల్లూరు ఊళ్ళోకి సిటీ బస్సులు వస్తూనే ఉంటాయి, ఆటోవాడితో బేరమాడి గొంతు పోగొట్టుకోనక్కర్లేదు. పాత బస్టాండు దగ్గర పొంగలు, వడ, కాఫీ కలిపి ఎనభై రూపాయల్లో కడుపు నిండింది. అక్కడికి రెండు వీధుల అవతల, మేడ మీద ఒక గదిలో మునిరత్నం కూర్చుంటాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ, అన్నదమ్ములందరూ కట్టుబడి పనిలోనే ఉన్నారట. ఈయనొక్కడే కంప్యూటర్ల వైపు వచ్చాడు. నన్ను చూసి మర్యాదగా లేచాడు.

"మీరు చేసిన తెలుగు నేను చూసినాను మేడమ్. అక్షరాలు చక్కంగా ఉండాయి" అన్నాడు.

"మాటలెలా ఉన్నాయి?"

"అది తెలవదు మేడమ్. మాకు చదవను రాదు కదా. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదివిందంతా తమిళం. మీ బ్లాగు కూడా ఫోన్ పైకి చదివితే వింటాను."

నాకు కొంచెం చివుక్కుమంది. మరి గుడియాత్తంలో ఎలా వాడుతున్నారు అంటే, "పోయి చూడండి, రాజమ్మక్క చూపిస్తాది" అని నవ్వాడు. వెర్షన్ మార్పు సాయంత్రం నాలుగింటికి ఇక్కడ కూర్చునే చేస్తానన్నాడు. అమావాస్య నాడు రాకుండా మంచి పని చేశారన్నాడు, ఆ రోజు ఈ చుట్టుపక్కల మగ్గాలు ఆడవట. నేను క్యాలెండరు చూసుకుని రాలేదని మాత్రం చెప్పలేదు.

వెల్లూరు నుంచి గుడియాత్తానికి బస్సులు రెండు దారుల్లో వెళ్తాయి. నేనెక్కింది కాట్పాడి, లత్తేరి మీదుగా వెళ్ళేది. గంటంబావు పట్టింది, ముప్పై చిల్లర తీసుకున్నారు. కిటికీ సీటు దొరికితే ఎడమా కుడీ రెండు వైపులా చెరుకు, కొబ్బరి, దూరంగా బోడి గుట్టలు. వెనక సీట్లో ఇద్దరాడవాళ్ళు ఒకే వాక్యాన్ని తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తున్నారు. వాళ్ళకు అదొక విశేషమే కాదు. నేనేమో ఏ మాట ఏ భాషదో లెక్కపెడుతూ దిగాల్సిన చోటు దాదాపు మర్చిపోయాను. బస్టాండు నుంచి ఆటోకు యాభై రూపాయలు. దింపిన వీధిలో ఇంటింటి లోపలి నుంచీ మగ్గం చప్పుడు.

పడుగుల గది ఆ వీధి చివర ఉంది. ఇక్కడి పని తీరు తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. గుడియాత్తం లుంగీలకు పేరు, కైలీలంటారు. మగ్గాలు నేతవాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటాయి. బట్టకు నిలువు దారాల చుట్ట అయిన పడుగు మాత్రం ఒక్కచోట తయారై, ఇంటింటికీ వెళ్తుంది. ఏ ఇంట్లో ఏ పడుగు ఎంతవరకు వచ్చింది, తరువాతది ఎవరికి ఇవ్వాలి అన్నది చూసుకోవడమే ఈ గది పని. గది యజమాని దామోదరం. పడుగులు పంచేది ఆయన మేనత్త రాజమ్మ. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళకు పైగా గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి నేసింది. మోకాళ్ళు అరిగిపోయాక ఈ కుర్చీలోకి వచ్చింది.

"రామ్మా, కూర్చో. మునిరత్నం చెప్పినాడు" అని స్టూలు జరిపింది. నేను ఆత్రంగా ఆమె ముందున్న తెర వైపు చూశాను. అంతా తమిళ అక్షరాలు. మచ్చుకు ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకున్నాను. ఆ వ్యాఖ్య రాసిన మునిరత్నాన్ని మనసులో నాలుగు తిట్టుకున్నాను కూడా.

అప్పుడు రాజమ్మ తన అలవాటు ప్రకారం తెర మీద వేలు ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. "ఎవురికి పడుగు." కింద వరస, "మొగ్గం మింద." దాని కింద, "కోసేసినారు." ఆ పక్కన, "గదిలో ఉండేది."

తెర నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, చెవికి మాత్రం ప్రతి మాటా అర్థమైంది. అది తెలుగే, తమిళ అక్షరాల్లో ఉన్న తెలుగు. రెండేళ్ళ కిందట ఈమె చెబుతుంటే మునిరత్నం టైపు చేశాడట. నేను 'కార్యాదేశం' అని పెట్టినదాన్ని ఈమె 'ఎవురికి పడుగు' అంది. నా 'పురోగతిలో' ఈమెకు 'మొగ్గం మింద'. 'సమాప్తం' అని నేను గర్వంగా పెట్టుకున్న చోట 'కోసేసినారు' అని ఉంది, బట్ట కోసి మగ్గం నుంచి దించితే గానీ పని అయినట్టు కాదు కాబట్టి. ఇంకా నిర్ణయం కాని పనికి మేం 'ముసాయిదా' అన్నాం. ఈమె 'ఇంకా అనుకోలేదు' అంది. నేను పుస్తకంలో అన్నీ గబగబా రాసుకుంటున్నాను. ఆ క్షణం అసూయ పడ్డానని ఒప్పుకుంటే తప్పేం లేదు.

"తమిళం చదువుతారు కదక్కా, తమిళంలోనే పెట్టుకోవచ్చుగా?" అని అడిగాను.

"నేను చదివింది మూడో క్లాసు దాకా. కూడబలికి చదువుతాను. చదివినాక చెవికి మన మాట తగిలితే తెలుస్తాది. కంప్యూటర్లో ఉండే ఆ పెద్ద తమిళం చదివితే నోరు నొచ్చేదే గానీ ఏమీ తెలవదు."

తరువాత అడిగిన ప్రశ్నకు లోపలి గదిలోంచి దామోదరం చెప్పిన జవాబుతో అసలు చిక్కు తెలిసింది. ఆ మాటలన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ పెట్టారంటే, తమిళానికి కేటాయించిన చోట, అసలు తమిళం మాటల్ని చెరిపేసి. తెలుగుకు వేరే చోటు ఉంది, కానీ అందులో నా అక్షరాలున్నాయి. అవి ఇక్కడ ఎవరికీ రావు. వాళ్ళకు తెలిసింది తమిళం చోటు, అక్కడ రాసుకున్నారు. వెర్షన్ మారితే సాఫ్ట్‌వేర్ ఆ చోటును తన సొంత తమిళంతో మళ్ళీ నింపేస్తుంది. అప్పుడు టైము ఒంటిగంట. ఇంకా మూడు గంటల టైముందని ఊపిరి పీల్చుకుని మునిరత్నానికి ఫోన్ చేశాను.

"నాలుగింటికి మా వీధిలో కరెంటు తీస్తారంట మేడమ్. అందుకని ముందే చేసేసినాను. ఇప్పుడే అయింది. సరుకు వివరాలన్నీ భద్రం" అన్నాడు.

"మాటలు?"

అవి కొత్త తమిళం కింద పోయాయని అప్పుడు గానీ ఆయనకు తట్టలేదు. ఆ మాటలు టైపు చేసిన పాత కంప్యూటర్ ఎప్పుడో పోయిందట. విడిగా ఎత్తిపెట్టుకోవాలన్న ఆలోచన తనకు రాలేదన్నాడు. అప్‌డేట్ చేసుకోండని ఊరంతా చాటింది నేను కాబట్టి ఆయన్ను ఏమీ అనలేకపోయాను.

అంతలో తలుపు దగ్గర గోవిందమ్మ అనే నేతకత్తె వచ్చి నిలబడింది. పదహారో మగ్గం వాళ్ళది. పొద్దున బట్ట దించారట, కొత్త పడుగు కావాలి. రాజమ్మ పేజీ మార్చింది. తెర మొత్తం కొత్తగా వచ్చింది. ఆమె వేలు పెట్టి కూడబలికింది, ఆగింది, మళ్ళీ మొదటి నుంచి కూడబలికింది. ఎక్కడా ఆమె మాట లేదు. పదహారో నంబరు పక్కన మటుకు తమిళంలోనూ తెలుగులోనూ ఒకటే అయిన మాట ఒకటి ఆమెకు దొరికింది.

"ఖాళీ అని ఉండాదే. మొగ్గాన్ని ఖాళీ అని రాస్తారా?" అని కుర్చీ వెనక్కి జరిగింది. నేతవాళ్ళ ఇళ్ళల్లో ఆ మాట అనరట. బట్ట కోసినా పాత పడుగు కొసలు జానెడు మగ్గం మీదే ఉంచుతారు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ వాటికే అతుకుతారు. నేత మానేసి మగ్గం పెకలించిన ఇంటికే ఖాళీ అన్న మాట. రాజమ్మ తెరలో ఆ చోట 'అతుక్కు ఉండాది' అని ఉండేదట.

దామోదరం లోపలి గది నుంచి వచ్చి చూశాడు. మంచి మనిషే, అత్త అంటే ప్రాణం. "పోనీలే అత్తా. ఇంకమీట నేను చూసుకుంటాను. నువ్వు ఇంట్లో రెస్టు తీసుకో" అన్నాడు.

రాజమ్మ గొంతు పెంచలేదు. "కాళ్ళు పోయి మొగ్గం వదిలేస్తిని. దీన్ని కూడా వదిలేస్తే ఇంక నేను యాడికి పోయేది నాయనా?" అంది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమె కుర్చీని తీసేసింది నా ఉత్సాహమే కదా. "అక్కా, ఆ మాటలన్నీ మీకు గుర్తున్నాయా?" అని అడిగాను.

"నా మాటలు నాకు గుర్తుండవా? ఏది యాడ ఉండాలో అది తెలవదు, అంతే."

అది నాకు తెలుసు. మూడేళ్ళుగా ఆ ప్రతి గడినీ తడిమినదాన్ని. కానీ నాకు తమిళంలో రాయడం రాదు. దామోదరానికి వచ్చు. గోవిందమ్మను ఒక అరగంట ఆగమని చెప్పి ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. ఇది పని ఇంకా మొదలుకాని చోటు అని నేను చెబుతాను, ఆమె మాట అంటుంది, ఆయన కొడతాడు. కొత్త వెర్షన్‌లో వచ్చిన గడులు కొన్నింటికి ఇంతకుముందు మాటల్లేవు. పని మధ్యలో ఆగిందని తెలిపే గడి అలాంటిదే. నేను దానికి 'నిలిపివేత' అని పెట్టానని చెప్పాను. ఆమె మర్యాదకు తలూపి, "ఎవురి తెలుగమ్మా అది?" అని అడిగి, "పోగు తెగింది అని కొట్టు దామూ" అంది. అరగంట అనుకున్నది మూడు గంటలైంది. మధ్యలో గోవిందమ్మే మాకు టీ తెచ్చిపెట్టింది. ఊరికే నిలబడలేక తనూ రెండు మాటలు సర్దింది.

ఈసారి తమిళం చోటు ముట్టుకోలేదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా కొత్త భాషను వేరుగా చేర్చుకోవచ్చు, అలా చేరిస్తే వెర్షన్ ఎన్నిసార్లు మారినా దాని జోలికి రాదు. అన్నీ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఈ కొత్త భాష పేరు అడిగింది. ఏం పెడదామని రాజమ్మను అడిగాను.

"తెలుగు అని పెట్టు. ఇంకేమి పెడతావు?"

దామోదరం కొట్టాడు. ఆ పేరుతో ఒక భాష ముందే ఉంది, ఒకే పేరు రెండింటికి కుదరదు అని తెర తిప్పికొట్టింది. ఆ ముందే ఉన్నది నాది. ఆయన నా వైపు చూశాడు. గుడియాత్తం తెలుగు అందామా, నేత తెలుగు అందామా అని నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూశాక అడగబుద్ధి కాలేదు. జాబితాలోకి వెళ్ళి, ఆ కంప్యూటర్లో నా మూడేళ్ళ పనికి పేరు మార్చి 'పుస్తకాల తెలుగు' అని పెట్టాను. తెలుగు అన్న పేరు ఆమెది అయింది. రాజమ్మ వేలు ఆనించి, "పదారో మొగ్గం, గోవిందమ్మ, అతుక్కు ఉండాది" అని చదివి, లేచి అలమర నుంచి పడుగు తీసి ఇచ్చింది. మా వైపు మళ్ళీ చూడలేదు. తరువాతి పేరు చదవడం మొదలుపెట్టింది.

ఆరింటి బస్సుకు కాట్పాడి చేరి, రాత్రి రైల్లో తిరుపతి వచ్చేశాను. మొత్తం ఖర్చు ఐదు వందల లోపే. నా తెలుగును చూడటానికి వెళ్ళి, అది అక్కడ ఒక్కరికీ అక్కరకు రాలేదని తెలుసుకుని వచ్చాను. బాధ లేదంటే అబద్ధం. కానీ ఆ మూడు గంటలు కూర్చున్నంత సంతోషంగా నేను మూడేళ్ళలో ఎన్నడూ కూర్చోలేదు. మేం తెచ్చిన తెలుగులో 'సమాప్తం' లాంటి మాటలు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు ఒక్కొక్కటీ పట్టుకుని మా ప్రెస్సులో కంపోజింగ్ చేసే అమ్మాయికి వినిపిస్తున్నాను. చాలావాటికి ఆమె కూడా మర్యాదకే తలూపుతోంది. మీలో ఎవరైనా ఇలా వాడేవాళ్ళను చూడటానికి వెళ్తుంటే ఒక్క సలహా. వెర్షన్ మార్చే రోజున వెళ్ళకండి, కనీసం రెండు రోజుల ముందు వెళ్ళండి. తెర మీ కళ్ళతో చూసి సరిపెట్టుకోకుండా, దాని ముందు రోజూ కూర్చునే మనిషి చేత ఒక పేజీ పైకి చదివించుకోండి.