కాగితం చూపియ్యుండ్రి సార్

మా సోషల్ టీచరమ్మ పోయారని మొన్న శివ్వంపేట నుంచి వచ్చిన ఆమె చెల్లెలు చెప్పింది. ఆమె ఎవరికీ ఎదురు చెప్పని మనిషని ఇప్పుడు కొందరు అంటున్నారట. నేను ఒప్పుకోను. ఆమె పోట్లాడేవారు. నేనివాళ రామాయంపేటలో లెక్కలు చెబుతున్నానంటే ఆ పోట్లాట వల్లే.

మెదక్ బడిలో ఎవరైనా "అందరూ అంటరు టీచర్" అంటే చాక్‌పీసు కింద పెట్టేసేవారు. "అందరంటే ఎవరు బిడ్డా? ఒక్కల పేరు చెప్పు."

నేను తొమ్మిది పాసైన ఏడు, ఆడపిల్లలకు కాంపోజిట్ లెక్కలు, అంటే పైచదువుకు పనికొచ్చే పెద్ద లెక్కలు, ఉండవనీ, గృహవిజ్ఞానమే తీసుకోవాలనీ హెడ్మాస్టరు చెప్పారు. పైనుంచి ఆర్డరట. నేనూ మరో ముగ్గురూ అర్జీ రాశాం. అందులో దేశనాయకుల మాటలు, ఎక్కడో విన్న శ్లోకాలు కుక్కాను. టీచరమ్మ అన్నీ కొట్టేశారు.

"లెక్కలు చదువుతనని చెప్పెటందుకు గిందరు పెద్దమనుషులెందుకే? నీ కోరికకు నీ నోరు చాలు. ఆర్డరుల గిట్లున్నదని ఆయన అంటుండు చూడు, గాడ అడగాలె సాక్ష్యం."

మర్నాడు మమ్మల్ని వెంటబెట్టుకొని హెడ్మాస్టరు గదికి వెళ్లారు.

"కాగితం చూపియ్యుండ్రి సార్."

"నా మాట మీద నమ్మకం లేదా టీచరమ్మా?"

"మీరు చదివిండ్రా, ఎవరన్న చెప్తే విన్నరా?"

ఆయన ఫైలు తీసి బల్ల మీద పడేశారు. ఆమె నిలబడే చదివి, నా చేతికిచ్చి పైకి చదవమన్నారు. వేలు పెట్టి చదివాను. గృహవిజ్ఞానం కోరిన ఆడపిల్లలకు ఆ వీలు కల్పించాలని ఉంది. లెక్కలు వద్దని ఎక్కడా లేదు.

"ఇంకోసారి చదువు. 'కోరిన' అన్నకాడ ఆగు."

ఆగాను. హెడ్మాస్టరు కిటికీ వైపు తిరిగారు.

లెక్కల క్లాసులో మా నలుగురి పేర్లూ ఎక్కాయి. నెల తిరక్కముందే ఆమెను అల్లాదుర్గ్‌కు బదిలీ చేశారు. కారణమేమిటని ఆమె రాసి అడిగారు. జవాబు రాలేదు.

"మా వల్లనే పంపిండ్రు కదా టీచర్?" అని ఏడ్చాను.

"గది నీకు తెల్వది, నాకూ తెల్వది. కాగితంల లేదు. అనుమానమైతే అనుమానమని చెప్పు, నిజమని చెప్పకు." తర్వాత నలుగురికీ కలిపి చెప్పారు. "రేపు బస్టాండుకు రాకుండ్రి. పొద్దుగాల మీకు లెక్కల క్లాసున్నది."

మర్నాడు మొదటి బెంచీలో నలుగురం కూర్చున్నాం. సారు బోర్డు మీద సమీకరణం రాస్తుండగా రోడ్డు మీద బస్సు హారను మోగింది. మగపిల్లలంతా కిటికీ వైపు చూశారు. మేం నలుగురం తల తిప్పకుండా, కళ్లు మసకబారుతున్నా, బోర్డు మీది అంకెలు రాసుకుంటూనే ఉన్నాం.