నేను చెరిపేసిన అంచులు

వనపర్తిలో నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం. కొత్తవి అమ్మేవాళ్లు బజారులో చాలామంది ఉన్నారు కాబట్టి నేను పాతవి పట్టుకున్నాను. వడ్ల మిల్లులోనో, ప్రింటింగ్ ప్రెస్సులోనో ఇరవై ఏళ్ల నాటి యంత్రాన్ని అంటిపెట్టుకుని కొన్ని కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో ఉన్న ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లో నడవదు కాబట్టి ఎవరూ వాటిని పారేయలేరు. వాటిలో ముందుగా పోయేది హార్డ్ డిస్కు. ఆ రకం డిస్కులు ఇప్పుడు దొరకవు. అందుకని కెమెరాలో వేసే మెమరీ కార్డు ఒకటి తీసుకుని, దాన్ని అడాప్టర్ అనే అరచేతిలో పట్టేంత పలకకు గుచ్చి, డిస్కు ఉండే చోట తగిలిస్తాను. డిస్కును నడిపే కంట్రోలర్ దాన్ని కూడా డిస్కే అనుకుని పనిచేస్తుంది. ఒక్కోసారి అనుకోదు. అప్పుడు తేడా ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. ఆ వెతకడంలోనే నాకు నాలుగు ఊళ్లలో పేరొచ్చింది.

ఆ పేరంటే నాకు ప్రాణం. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో లింగాల దగ్గర పల్లె. అమ్మానాన్నలు ఏడాదిలో సగం మట్టిపనికి వలస పోయేవాళ్లు, నేను హాస్టల్లో పెరిగాను. నన్ను మొదటిసారి "సార్" అన్నది ఒక మిల్లు యజమాని. ఆ రోజు దుకాణం షట్టరు దించేదాకా ఆ మాటే లోపల తిరిగింది. చేసినదానికి ఇది సాకు కాదని నాకు తెలుసు.

గద్వాల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. చీరల డిజైన్లు గీసే మనిషి. అంచు మీద హంసలో, కొంగు మీద గోపురాలో ఏది రావాలన్నా ముందు కంప్యూటర్లో చిన్న చిన్న గళ్లుగా గీస్తారు. ఆ ఫైలును మగ్గం మీద ఉండే జకార్డు పెట్టెలో వేస్తే, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో అది చూసుకుంటుంది. పదిహేనేళ్ల డిజైన్లు ఆ కంప్యూటర్లో ఉన్నాయని, అది ఈ మధ్య కీచుమని అరుస్తోందని చెప్పాడు.

పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ఎదుటివాడి మాట పూర్తికానివ్వడు. "నా డిజైన్లు గద్వాలల ఎవ్వనికి రావు తమ్మీ" అన్నాడు కూర్చోకముందే. అయితే కంప్యూటర్ ఆన్ చేసింది ఆయన భార్య. మౌసు పట్టుకున్నదీ ఆమే. ఆయనకు చూపు తగ్గి నాలుగేళ్లయిందట. చూపు బాగున్నప్పుడు కూడా సగం డిజైన్లు ఆమె గీసినవేనని ఆమె వేళ్లు కదిలే తీరులోనే తెలిసిపోయింది. ఒక నెమలి తోక సరిగా రాలేదని నాకు చూపిస్తూనే నాలుగు గళ్లు అటూ ఇటూ మార్చింది. తోక కుదిరింది.

"ఇంకెక్కడన్న కాపీ దాచిన్రా అన్నా?" అనడిగాను.

"ఎందుకు దాస్తం? బయటికి పోతె ఎత్తుకపోతరు. నేసేటోళ్లకు ఒక్క చీర ఫైలు ఇస్త, పనైనంక మళ్ల తెచ్చుకుంట."

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ మొండికేస్తోందని, అప్పుడు గోడ మీది స్విచ్చు బోర్డు దగ్గరే బందు చేసి మళ్లీ పెడుతున్నానని ఆమె చెప్పింది. అట్లా చేయకండి వదినా అన్నాను. సరేనంది. ఆయన ఎవరినో కలవడానికి బజారుకు వెళ్లాడు.

పని పెద్దది కాదు. పాత డిస్కునూ కొత్త కార్డునూ ఒకే కేబులుకు తగిలించి, డిస్కులో ఉన్నదంతా కార్డులోకి నకలు తీయాలి. ఒకే కేబులు మీద రెండు ఉన్నప్పుడు ఏది మొదటిది, ఏది రెండోది అని కంట్రోలర్‌కు తెలియాలి. దానికి అడాప్టర్ మీద జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. పలక మీద అచ్చువేసి ఉన్న గుర్తు చూసి దాన్ని రెండోదిగా పెట్టాను. డిస్కు మొదటిది, కార్డు రెండోది. మొదటిదాన్నుంచి రెండోదానికి నకలు. వందసార్లు చేసిన పని, తెర కూడా సరిగా చూడలేదు.

ఆమె నా వెనక నిలబడి చూస్తోంది.

"తమ్మీ, కార్డు ముప్పై రెండు జీబీది అన్నవ్ గద. తెర మీద పైన మొదటిదాని కాడ ముప్పై రెండు అని ఉంది సూడు. పైనదే కార్డు గాదా?"

"వదినా, మీరు చాయ్ సంగతి సూడుండ్రి. ఇది మీకు సమజయ్యేది కాదు" అని బటన్ నొక్కాను.

ఆమె లోపలికి వెళ్లింది. చాయ్ తెచ్చి పక్కన పెట్టి పోయింది.

గంటకు నకలు పూర్తయింది. పాత డిస్కు తీసేసి, కార్డు ఒక్కటే ఉంచి ఆన్ చేశాను. నల్లతెర. అడాప్టర్ సంగతేనని జంపర్ మార్చాను. కేబులు మార్చాను. అడాప్టర్‌కు వెళ్లే కరెంటు సరిగా ఉందో లేదో మీటరు పెట్టి చూశాను, ఉంది. కంట్రోలర్ వేగం తగ్గించాను. సంచీలో ఉన్న ఇంకో అడాప్టర్ వేశాను. ప్రతిసారీ కార్డు పేరు, సైజు తెర మీద వస్తున్నాయి, ఆ తర్వాత ఏమీ రావడం లేదు. రెండు గంటలు అదే. చివరికి పాత డిస్కునే పెట్టి చూద్దామని తగిలించాను. పొద్దున కీచుమంటూనే లేచిన డిస్కు అది. ఇప్పుడు దానిలోనూ నల్లతెర.

అప్పుడు అర్థమైంది. పలక మీద గుర్తు తలకిందులుగా అచ్చయింది. కార్డు మొదటిదైంది, డిస్కు రెండోదైంది. ఖాళీ కార్డును పదిహేనేళ్ల పని మీద రుద్దేశాను. అట్లా రాసేసినదాని కింద ఉన్నది ఎవరూ వెనక్కి తేలేరు. డిస్కు కొంచెం పెద్దది కాబట్టి చివర కొంత మిగిలింది. దాన్ని వెతికాను. డిజైన్లేవీ అందులో లేవు.

ఆయన బజారు నుంచి వచ్చాడు. "అయిందా?" అన్నాడు.

నిజం చెప్పడానికి నోరు తెరిచాననే గుర్తు. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట. "అన్నా, దీన్ని ఎవరన్న బోర్డు కాడ్నే బందు చేస్తుండ్రా?"

ఆయన భార్య వైపు తిరిగాడు.

"గట్ల చేస్తె డిస్కు లోపల గీతలు పడ్తయి. నేను వచ్చేసరికే ఖరాబైంది. నకలు తీస్తుంటె మొత్తం పోయింది" అన్నాను. పేరున్న మనిషి గొంతు అది.

"ఎన్నిసార్లు చెప్పిన నీకు, ఎన్నిసార్లు చెప్పిన!" అంటూ ఆయన ఆమెను చెంపమీద కొట్టాడు. చూపు తగ్గినా గురి తప్పలేదు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న పక్కింటి ఆడవాళ్లు చేతులు ఆపి ఇటు చూశారు. ఆమె ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. మూడు క్షణాలు కూడా ఉండదేమో, నాకు మాత్రం ఆ చూపు చాలాసేపు ఉన్నట్టనిపించింది.

నేను ఊరుకున్నా సరిపోయేది. "పోనియ్ అన్నా. ఆడోళ్లకు ఏం తెలుస్తది" అన్నాను.

ఆయన నన్ను అన్నం తినకుండా పోనివ్వలేదు. నష్టం జరిగినా మర్యాద తప్పని మనిషినని నాకు చూపించాలి ఆయనకు. ఆమే వడ్డించింది. జొన్నరొట్టె, పుంటికూర. వంగినప్పుడు చెంపమీద వేళ్ల అచ్చు నా కళ్లకు దగ్గరగా వచ్చింది. రెండో రొట్టె వేసేముందు "ఇంకోటి?" అని అడిగింది. వెయ్యమన్నాను. తిన్నాను.

ఆ తర్వాత సంగతులు నాకు గద్వాలలో ఒక మాస్టర్ వీవర్ ద్వారా తెలిసేవి. ఇరవై మగ్గాలు నడిపించేవాడు, నా దగ్గర పని చేయించుకునేవాడు. డిజైనర్ ఇంట్లో ఆమెను మళ్లీ కంప్యూటర్ ముట్టనివ్వలేదట. ఆయన ఒక్కడే కూర్చుని గీయబోతే గళ్లు కనబడలేదట. పాత డిజైన్లు అడిగి వచ్చినవాళ్లకు, ఎవరు పోగొట్టారో ఆమెను పిలిచి ముందర నిలబెట్టి చెప్పేవాడట. ఏడాది తిరిగేసరికి అడిగేవాళ్లు రావడం మానేశారు. కంప్యూటర్ పాత సామాను వాడికి పోయింది. ఆమె ఆ మాస్టర్ వీవర్ దగ్గరే మగ్గం పనికి కుదిరింది.

నేను విన్నాను, నా పనులు నేను చేసుకున్నాను. కొత్త అడాప్టర్ ఏది వచ్చినా ముందు జంపర్ గుర్తు సరిచూసేవాణ్ణి. నేర్చుకున్నది అంతే.

రెండేళ్ల తర్వాత ఆ మాస్టర్ వీవర్ జకార్డు కంప్యూటర్ మొరాయిస్తే వెళ్లాను. అక్కడ కూడా కార్డే, అడాప్టరే. అడాప్టర్ పిన్నుకు తుప్పు పట్టింది, తుడిస్తే కంప్యూటర్ లేచింది. మధ్యాహ్నం అందరూ తినడానికి లేచారు. ఆమె మగ్గం దగ్గరే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతోంది. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"వదినా, ఆ దినం తప్పు నాదే. నేనే చెరిపిన."

"తెలుసు" అంది, డబ్బా మూత పక్కన పెడుతూ. "పైన ముప్పై రెండు అని నేనే చెప్తి గద."

"మరి అన్నతోని ఎందుకు చెప్పలే?"

"చెప్తె? నువ్వు సార్‌వి. నేను బోర్డు బందు చేసెటిదాన్ని. ఎవ్వరి మాట నమ్ముతుండె?"

"నేను ఇప్పుడు పోయి చెప్త."

ఆమె మొదటిసారి తలెత్తింది. "వద్దు. ఇప్పుడు చెప్పకు. కొట్టుడు మానుకుంటున్నడు, జర నిమ్మలంగ ఉన్నడు. ఇప్పుడు నువ్వు పోయి నా దిక్కు మాట్లాడితె వేరె తీర్గ అనుకుంటడు. నీకు దండం పెడ్త, పోకు."

సరేనన్నాను. బయటికి వచ్చి బస్టాండు వైపు నడిచాను. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి వాళ్లింటికి వెళ్లాను. ఆమె మాట వినబడక కాదు. రెండేళ్లుగా మోస్తున్నది ఆ రోజే దించుకోవాలని ఉండింది నాకు. ఆమె ఏమవుతుందని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. జంపర్ గుర్తు, తలకిందులు, నా అబద్ధం. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. అది చూసి అర్థం చేసుకుంటున్నాడనుకున్నాను.

"రెండేండ్లకు గుర్తొచ్చిందా?" అన్నాడు.

"తప్పయింది అన్నా."

"యాడ కలిసినవ్ దాన్ని?"

"మగ్గాల కాడ. పనికి పోయిన."

"ఎన్ని దినాలసంది పోతున్నవ్?"

అప్పుడు నాకు ఆమె మాట గుర్తొచ్చింది. కాదన్నా, అట్లాంటిదేమీ లేదన్నా అంటూ ఎంత చెబితే అంత బిగుసుకుపోయాడు. చివరికి లేచి చెప్పులు వెతుక్కున్నాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిల్చి మగ్గాల షెడ్డు వైపు నడిచాడు. నేను వెనకాలే పోయాను. పోవడం ఇంకా తప్పైంది. ఇద్దరం ఒకేసారి లోపలికి వచ్చేసరికి, ఆమె మమ్మల్ని చూసి ఆడుతున్న మగ్గం ఆపింది.

ఇరవై మగ్గాల ముందు ఆయన అన్న మాటలు నేను ఇక్కడ రాయలేను. జుట్టు పట్టుకున్నాడు. సగం నేసిన చీర మీదికి లాగితే పోగులు తెగాయి. నేసేవాళ్లు లేచి విడిపించారు. వాళ్లలో ఒకతను నన్ను చూసి "నువ్వు పో సార్ ఈడ్నుంచి, నువ్వుంటె ఇంక ఎక్కువైతది" అన్నాడు. వెళ్లిపోయాను.

షెడ్డులో గొడవలు వద్దని ఆ మాస్టర్ వీవర్ మర్నాడే ఆమెను పనికి రావద్దన్నాడు. నాకు ఫోన్ చేసి ఆ సంగతి చెబుతూ, చేతిలో ఉన్న పని గురించే మాట్లాడినట్టు మాట్లాడాడు. "మంచిగ నేసెటిది, కానీ ఏం చేస్తం" అన్నాడు. ఆమె ఇల్లు వదిలి నాగర్‌కర్నూల్‌లో చెల్లెలి దగ్గరికి పోయిందని తర్వాత తెలిసింది.

పోయిన వానాకాలం ఒక పని మీద నాగర్‌కర్నూల్ వెళ్లినప్పుడు ఆచూకీ అడిగి వెళ్లాను. చీరలకు ఫాల్ కుట్టే చిన్న గది. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. జుట్టు సగం తెల్లబడింది. గడపలో నన్ను చూసి కుట్టడం ఆపలేదు.

"ఎందుకొచ్చినవ్?"

"వదినా, ఆ దినం నువ్వు వద్దన్నవ్. నేను..."

"నన్ను వదినా అనకు." సూది కింద చీర కదులుతూనే ఉంది. "నా ముందర నిలబడి నువ్వు ఏడ్వాలె, నేను పోనీలే అనాలె. అంతే గద నీకు కావల్సింది?"

అంతే కావాలి నాకు.

"నాతోని కాదు" అంది. "పో."

అప్పుడే ఒకావిడ రెండు చీరలు చంకన పెట్టుకుని వచ్చి, నేను అడ్డంగా ఉన్నానని "జర జరుగు నాయినా" అంది. జరిగాను. ఆవిడ లోపలికి పోయి ఏ రంగు ఫాల్ వేయాలో చెబుతోంది. ఆమె లేచి దారాల డబ్బా తీసి, ఒక్కో దారపు ఉండ చీర మీద పెట్టి చూస్తోంది. ఇద్దరూ నా వైపు చూడలేదు. బస్టాండుకు నడిచి వనపర్తి బస్సు ఎక్కాను.