అట్ట మీది చెట్టు

దోహాలో, అల్ సద్ పేటలోని ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందని ఫోన్ వస్తే మరమ్మతుకు వెళ్ళాను. లోపల ఒక్క మనిషే ఉంది, ఆ బిల్డింగు రిసెప్షన్‌లో పనిచేసే ఆవిడ. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు మామూలుగా తలుపు బాదుతారు, మా కంపెనీని తిడతారు. ఈమె మాత్రం తలుపు సందులోంచి ఇంగ్లీషులో, "తొందరేం లేదు. ఫోన్‌లో కథ రాసుకుంటున్నాను, ముగింపు దగ్గరికి వచ్చాను," అంది.

నేనూ కథలు రాస్తానని తలుపుకు ఇవతలి నుంచి చెప్పాను. దోహా వచ్చాక ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"ఎలాంటి కథలు?"

"ఇంకా రాని కాలం కథలు. యంత్రాలు, గ్రహాలు."

లోపలి నుంచి నవ్వు వినిపించింది. "నేను రాసేవీ అవే."

తలుపు తెరిచి చెయ్యి అందించాను. నా ముఖం చూడగానే ఆమె ఇంగ్లీషు వదిలేసి తన భాషలో గలగలా మాట్లాడేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మాది హైదరాబాద్," అన్నాను. ఆమె నమ్మలేదు. ఎవరూ నమ్మరు.

నిజాం గుర్రపు దళంలో చేరడానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి మాది. హైదరాబాద్‌లో ఏ.సి. గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అనే పేటకు ఆ దళం పేరే మిగిలింది. ఊళ్ళో మమ్మల్ని హబ్షీలంటారు, పుస్తకాల్లో సిద్దీలంటారు. నాన్నకు జగిత్యాల బస్ డిపోలో ఉద్యోగం కావడంతో నేను తెలుగు మీడియంలో చదివాను. ఇంట్లో దక్కనీ మాట్లాడుకున్నా, కథ మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది. ఖతర్‌లో నన్ను కొందరు సూడానీ అనుకుంటారు, కొందరు కెన్యావాడినంటారు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నా రూమ్మేట్, పికప్ డ్రైవరు, మొదటి రోజే అడిగాడు: "ఏ.సి. గార్డ్స్ అంటే ఏసీలకు కావలి కాసుడా భాయ్?"

ఆమెది కెన్యా సముద్రతీరం. వాళ్ళ భాషలో అన్నను "కాకా" అంటారట. నన్ను అలాగే పిలవడం మొదలుపెట్టింది. మా జగిత్యాలలో కాకా అంటే చిన్నాయన అని చెప్పాను. మరి అక్కను ఏమంటారని అడిగితే "దాదా" అంది. హైదరాబాద్‌లో దాదా అంటే గల్లీ రౌడీ అని చెప్పాక, ఇక ఆ పేరు తప్ప ఇంకో పేరుతో పిలిస్తే పలికేది కాదు.

ఆ చుట్టుపక్కల పని పడినప్పుడల్లా బిల్డింగు వెనకున్న చిన్న హోటల్లో చిక్కటి కరక్ చాయ్ తాగేవాళ్ళం. ఒకరోజు తన పుస్తకం తెచ్చింది. వేరే దేశంలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ వేసింది. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద, మంచు కింది సముద్రంలో బతుకుతున్న మనుషుల కథ అది. అట్ట మీద మాత్రం ఎర్రటి సూర్యుడు, గొడుగులాంటి చెట్టు, చెట్టు కింద డోలు.

"ఈ చెట్టు ఏ అధ్యాయంలో వస్తుంది?" అని అడిగాను.

"నేనూ వెతుకుతూనే ఉన్నాను," అంది.

ఆమె ఏ దేశం మనిషో పాఠకుడికి చూడగానే తెలియాలన్నారట ప్రచురణకర్తలు. దుకాణాల్లో ఆ పుస్తకాన్ని సైన్స్ ఫిక్షన్ అరలో పెట్టలేదు, ఆఫ్రికా అరలో పెట్టారు. ఒక సమీక్షకుడు అందులో ప్రాచీన జానపద గాథల పరిమళం ఉందని మెచ్చుకున్నాడు. "మంచు కింద నీటి ఒత్తిడి ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి నేనెన్ని పుస్తకాలు తిరగేశానో! అది జానపదం అయిపోయింది," అని ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"నల్లదాన్ని కాదని నేను ఎప్పుడూ అనను, కాకా," అంది కాసేపటికి. "నల్లవాళ్ళలో చాలామంది తమ రాతకు తామే పేర్లు పెట్టుకున్నారు, గర్వంగా పెట్టుకున్నారు. మనం పెట్టుకున్న పేరు వేరు, తెచ్చి అంటించిన పేరు వేరు. అంటించిన పేరు చదివి చాలామంది అక్కడే ఆగిపోతారు. కథ దాకా రారు."

ఆ నెలల్లోనే హైదరాబాద్‌లో కథల సంకలనం వేస్తున్న ఒక సంపాదకుడికి నా కథ పంపాను. సముద్రం నుంచి ఆకాశంలోకి తాడు మీద నడిచే లిఫ్టు, దాన్ని మరమ్మతు చేస్తూ ఒంటరిగా పైన ఉండిపోయిన ఒక స్త్రీ. ఆయన ఫోన్ చేశాడు. మంచి మనిషి, మాటలో ఎక్కడా కల్మషం లేదు.

"కథ బాగుందండీ. కానీ ఇందులో మీరెక్కడున్నారు?"

"నేను రాసిన కథ గదా సార్. నేనెందుకుంట?"

"అది కాదండీ. మీ తాతముత్తాతలు, ఆ గుర్రాలు, మర్ఫా వాయిద్యం... అవి మీరు తప్ప ఎవరు రాస్తారు? ఆకాశంలోకి లిఫ్టు ఎవరైనా రాస్తారు."

మర్ఫా అంటే నాకు ప్రాణం. పెళ్ళి ఊరేగింపులో మా చిన్నాన్న మర్ఫా డోలు మీద దెబ్బ వేస్తే గుండెలో మోగేది. ఇక్కడ మేముండే కార్మికుల క్యాంపులో సెలవు పూట ఎవరైనా బకెట్ తిరగేసి వాయించినా నాకు మా గల్లీయే కళ్ళలో మెదులుతుంది. కానీ ఆ లిఫ్టు కథలోకి మర్ఫా రాలేదు. రానిదాన్ని ఎలా తేవడం?

ఆమెతో చెబితే, "రాయాలనిపిస్తే రాయి. అడిగారని మాత్రం రాయకు," అంది.

తర్వాత కొద్ది రోజులకే ఆమె కాంట్రాక్టు అయిపోయింది. సొంత ఊళ్ళో బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందట. పోయే ముందు ఖతర్ ఉత్తరపు కొసన సముద్రం చూడాలంది. ఒక శుక్రవారం నా రూమ్మేట్‌కు అల్ రువైస్‌లో సామాను దించే పని పడితే, ఇద్దరం అతని పికప్‌లో ఎక్కాం. అల్ ఖోర్ దాటాక బిల్డింగులు పలచబడ్డాయి. సామాను దించి, చేపల పడవల పక్కన ఇసుక మీద కూర్చున్నాం. సాయంత్రపు మగ్రిబ్ అజాన్ అయింది, ఒకటి రెండు చుక్కలు పొడిచాయి. అప్పుడు నా కథ చదివాను, ఆమె కోసం ఇంగ్లీషులోకి మారుస్తూ, రూమ్మేట్ కోసం మధ్య మధ్య తెలుగులో చెబుతూ.

"గంత పైకి పోతే తిండి ఎట్ల భాయ్? కంపెనీ పంపుతదా?" అన్నాడు రూమ్మేట్.

ఆమె మాత్రం, "తాడు మధ్యలో తెగితే పైముక్క ఎటు పోతుంది? కిందిముక్క ఎటు పడుతుంది?" అని అడిగింది.

అది నేను ఆలోచించలేదు. ఆమె తడి ఇసుకలో వేలితో భూమి గీసింది, తాడు గీసింది. కింద తెగితే పైదంతా బయటికి ఎగిరిపోతుందని నేను, ఎంత పైన తెగిందో దాన్నిబట్టి ఉంటుందని ఆమె. వాదించుకున్నాం. గీతలు చెరిపి మళ్ళీ గీశాం. చీకటి పడి గీతలు కనబడకపోతే రూమ్మేట్ ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. చివరికి "యల్లా భాయ్, ఇగ పోదాం, రేపు డ్యూటీ ఉన్నది," అన్నాడు. తిరుగు దారిలో నా కథకు కొత్త ముగింపు దొరికింది. పైనున్న స్త్రీ తన చేత్తోనే తాడు కోసుకుంటుంది, ఎక్కడ కొయ్యాలో లెక్క వేసుకుని మరీ.

ఆమె వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకు పోలేకపోయాను, ఆ పూట డ్యూటీలో ఉన్నాను. ఇప్పుడు ఆ రిసెప్షన్‌లో ఎవరో కుర్రవాడు కూర్చుంటాడు, మర్యాదగా తల ఊపుతాడు.

సంపాదకుడు కొత్త ముగింపుతోనే నా కథ వేశాడు, ఒక్క మాట తీసెయ్యలేదు. కథ పేరు పైన మాత్రం "హబ్షీ గళం" అని అచ్చు వేయించాడు. పక్కన గుర్రం బొమ్మ. వరంగల్ నుంచి, విజయవాడ నుంచి ఫోన్లు వచ్చాయి. మీ పూర్వీకులది ఏ దేశమండీ? ఇంట్లో ఏం వండుకుంటారు? ఇంత మంచి తెలుగు ఎలా వచ్చింది? అందరూ ప్రేమగానే అడిగారు, నేనూ ఓపికగానే చెప్పాను. తాడు గురించి ఎవరన్నా అడుగుతారేమోనని ప్రతి ఫోనూ చివరిదాకా విన్నాను.

గుర్రం బొమ్మను ఫోటో తీసి ఆమెకు పంపాను. వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు పెద్ద నవ్వు, తర్వాత నిట్టూర్పు. "నీకు గుర్రం, నాకు చెట్టు. నాకు కనీసం నీడైనా ఉంది, కాకా." వెనక సముద్రం హోరు, పిల్లల అరుపులు. ఆ మెసేజ్‌ను మెట్రోలో, లిఫ్టు గుంతల్లో, క్యాంపు బస్సులో ఎన్నిసార్లు విన్నానో.

ఇప్పుడు ఆమె పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ఎవరూ అడగలేదు. మంచు కింద మనుషులు ఒకరినొకరు పిలుచుకునే తీరు తెలుగులో కుదరక ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఆమె ఎదురుగా ఉంటే చాయ్ చల్లారేలోపు తేలిపోయేది. మెసేజ్ పెడితే జవాబు వస్తుంది, బడి అయ్యాక, వంట అయ్యాక, రెండు ముక్కల్లో. ఎదురుగా కూర్చుని వాదించే మనిషి లేకపోవడం మెసేజ్‌లతో తీరే లోటు కాదు.

మొన్న సెలవు మీద ఇంటికి పోతుంటే, ఎయిర్‌పోర్టులో మా గేటు పక్కనే కెన్యా విమానం గేటు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, దుప్పట్ల మూటలు మోసేవాళ్ళు, ఫోన్లో గట్టిగా నవ్వేవాళ్ళు వరసలో కదులుతున్నారు. నా బ్యాగు తీసుకుని వాళ్ళకు దగ్గరగా ఉన్న కుర్చీలోకి మారాను. వాళ్ళ మాటలు అర్థం కాకపోయినా వింటూ కూర్చున్నాను. వరస అంతా లోపలికి పోయింది, గేటు మూశారు. అద్దంలోంచి ఆ విమానం మెల్లగా వెనక్కి జరగడం కనిపించింది. ఇంతలో హైదరాబాద్ ప్రయాణికులను రమ్మని పిలిచారు. లేచి వెళ్ళాను.